నా పేరు కన్నా ముందు మా కొండ పేరు



పోయిన నెల ఒక రోజు లంచ్ బ్రేక్‌లో ఏడో తరగతి గది నుంచి పెద్ద పెద్ద అరుపులు వినబడ్డాయి. కొట్టుకుంటున్నారేమోనని పరుగెత్తాను. చూస్తే ఎనిమిది మంది మగపిల్లలు కాళ్ళు ఎడంగా పెట్టి, తొడలు చరుచుకుంటూ, కళ్ళు ఉరిమి, నాలుక బయటపెట్టి ఊగిపోతున్నారు. నన్ను చూడగానే ఆగి, "హాకా మిస్, హాకా!" అన్నారు. ఇంట్లో ఫోన్‌లో రీల్ చూసి నేర్చుకున్నారట. 2024 నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో హానా-రాఫిటి మైపి-క్లార్క్ అనే ఇరవై రెండేళ్ళ సభ్యురాలు బిల్లు కాగితం చించి హాకా మొదలుపెట్టిన వీడియో మీలోనూ చాలామంది చూసే ఉంటారు.

తిట్టాలో నవ్వాలో తెలియక కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగాను. "అది ఏ భాష?" ఒకడు న్యూజిలాండ్ భాష అన్నాడు. ఇంకొకడు ఆఫ్రికా అన్నాడు. వెనక బెంచీలో ఒక అమ్మాయి, "అది భాష కాదు మిస్, ఉత్త అరుపులు" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో కాస్త ముందుకెళ్ళాక చెబుతాను.

ప్రిన్సిపల్ సార్‌ను అడిగి రెండు పీరియడ్లు సిలబస్ పక్కన పెట్టి మావోరీల గురించి పాఠం చెప్పాను. చెబుతుంటే, ఇది పిల్లల కన్నా మనకు, అంటే టీచర్లకూ తల్లిదండ్రులకూ, ఎక్కువ అవసరమేమో అనిపించింది. అందుకే ఈ నెల నా గ్రామర్ పేజీ బదులు ఇది రాస్తున్నాను. గ్రామర్ ఎక్కడికీ పోదు, వచ్చే నెల మళ్ళీ వస్తుంది.

మావోరీలు న్యూజిలాండ్ మూలవాసులు. సుమారు 700 ఏళ్ళ కిందట, అంటే మన దగ్గర విజయనగర రాజ్యం పుట్టడానికి కాస్త అటూ ఇటూగా, పెద్ద పెద్ద పడవల్లో పసిఫిక్ సముద్రం దాటి ఆ దీవులకు చేరారు. 'మావోరి' అనే మాటకు వాళ్ళ భాషలో 'మామూలు' అని అర్థం. తెల్లవాళ్ళు వచ్చాక, వాళ్ళు వేరే రకం మనుషులు, మేము మామూలు మనుషులం అని చెప్పుకోవడానికి ఆ మాట వాడారు. అదే జాతి పేరుగా నిలిచిపోయింది.

వాళ్ళ భాష మన పిల్లల నోటికి ఎంత సులువో చూసి నేనే ఆశ్చర్యపోయాను. మొత్తం 15 అక్షరాలు. 5 అచ్చులు, 10 హల్లులు. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, మన తెలుగులాగే అజంత భాష. మనం బస్, రోడ్ అనలేక బస్సు, రోడ్డు అన్నట్టు వాళ్ళు బస్‌ను పాహి చేసుకున్నారు. 'బ' లేదు, 'స' లేదు మరి. షీప్ అనే మాట హిపి అయింది. క్రిస్మస్ ఏకంగా కిరిహిమెటె అయింది. మనకున్నట్టే హ్రస్వం, దీర్ఘం తేడా ఉంది. 'కెకె' అంటే కేకు. 'కేకే' అంటే చంక. ఇది చెప్పగానే క్లాసంతా పది నిమిషాలు అదుపు తప్పింది. ఆ రోజు సాయంత్రం మీ ఇంట్లో ఎవరైనా "కేకే కావాలి" అని అడిగి నవ్వుకుని ఉంటే కారణం నేనే.

ఇంకో సంగతి చెప్పాను. మావోరిలో ఇంటిని 'ఫారె' అంటారు. సమోవా దీవుల్లో 'ఫాలె', హవాయిలో 'హాలె'. ప్రేమను మావోరిలో 'ఆరోహా', సమోవాలో 'అలోఫా', హవాయిలో 'అలోహా' అంటారు. అక్కచెల్లెళ్ళ లాంటి భాషలు కదా, ఒక్కో అక్షరం దగ్గర విడిపోతాయి. అప్పుడు హొళగుంద నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి చెయ్యెత్తింది. మామూలుగా నోరు విప్పని పిల్ల. "మిస్, మా ఇంట్లో పాలను హాలు అంటారు. పులిని హులి, పామును హావు, పువ్వును హూవు. ఇదీ అట్లాంటిదేనా?" అంది.

అచ్చంగా అట్లాంటిదే. పాత కన్నడంలోనూ ఈ మాటలు 'ప'తోనే ఉండేవి, తర్వాత 'హ'గా మారాయి. తెలుగులో 'ప' అలాగే ఉండిపోయింది. యూనివర్సిటీలో చెప్పే భాషాశాస్త్రం సూత్రాన్ని ఏడో తరగతి పిల్ల తన వంటింటి నుంచి పట్టుకొచ్చింది. ఆ పిల్లకు రెండు భాషలు వచ్చు కాబట్టే అది కనబడింది. ఇంగ్లీష్ ఒక్కటే వచ్చే పిల్లకు కనబడేది కాదు.

ఇక ఈ వ్యాసం శీర్షిక దగ్గరికి వస్తాను. మావోరీలు నలుగురిలో తమను పరిచయం చేసుకునే పద్ధతిని 'పెపెహా' అంటారు. మనలాగా "మై నేమ్ ఈజ్" అని మొదలుపెట్టరు. ముందు మా కొండ ఫలానా అంటారు. తర్వాత మా నది ఫలానా, మా పూర్వికులు వచ్చిన పడవ ఫలానా, మా తెగ ఫలానా. తన పేరు అన్నిటికన్నా చివర. భూమినీ, తల్లి గర్భంలో బిడ్డకు ఉండే మాయనూ వాళ్ళు ఒకే మాటతో పిలుస్తారు, 'ఫెనువా' అని. బిడ్డ పుట్టాక ఆ మాయను సొంత ఊరి నేలలో పూడ్చే ఆచారం ఉంది. మన పల్లెల్లోనూ పూడ్చేవాళ్ళు కదా, మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళకు కొండా నదీ ఇంటి మనుషుల్లాంటివి. వాంగనుయి నదిని చట్టం దృష్టిలో ఒక వ్యక్తిగా గుర్తిస్తూ 2017లో అక్కడ చట్టమే చేశారు. (పిల్లలు వెంటనే "మన తుంగభద్ర మీద కేసు వేయొచ్చా మిస్?" అన్నారు. సోషల్ సార్‌ను అడగమన్నాను.)

మనకు ఇది పూర్తిగా కొత్తేమీ కాదు. ఎమ్మిగనూరు బస్టాండులో ఒక ముసలవ్వ పక్కన కూర్చోండి. పేరు అడగదు. "యా ఊరు నాయనా? ఎవరి కొడుకువి?" అని అడుగుతుంది. ఊరు తెలిశాక, తాత పేరు తెలిశాక, అప్పుడు నీ పేరు. మనం ఇంగ్లీష్ నేర్పేటప్పుడు ఆ వరుసను తిరగేశాం, అంతే.

పేరు అనగానే, నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి చెప్పాలి. ఆ ఇంటివాళ్ళ అనుమతి తీసుకునే రాస్తున్నాను.

జూన్‌లో ఒక తండ్రి వచ్చారు. ఆదోని పత్తి మార్కెట్‌లో పని చేస్తారు. చేతిలో కాగితాలు. "మేడమ్, మా పిల్లోని పేరు మార్చాల. టెన్త్ సర్టిఫికెట్లో పడినాంక కష్టమంట కదా" అన్నారు. పిల్లవాడి పేరు ఉరుకుందు. మార్చాలనుకుంటున్న పేరు ఉదయ్ కిరణ్. ఎందుకండీ అని అడిగాను. "వాడు ఒకటే పోరు పెడ్తాండాడు మేడమ్. క్లాసులో అందరూ నగుతారంట. ఇంగ్లీష్ మీడియంలో ఈ పేరు బాగుండదంటాడు. మా అమ్మకు చెప్పలేదు ఇంకా" అన్నారు.

క్లాసులో అందరూ వాణ్ణి 'యూకే' అని పిలుస్తారు. ఆ తండ్రికి నేను చెప్పలేకపోయిన సంగతి ఏమిటంటే, ఆ 'యూకే' అనే పిలుపు హాజరు తీసుకుంటూ మొదట నా నోటి నుంచే వచ్చింది. సరదాగా అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

మన పశ్చిమ ప్రాంతం వాళ్ళకు ఆ పేరు గురించి చెప్పక్కర్లేదు. కౌతాళం మండలం ఉరుకుందలో ఈరన్న స్వామి. ఈ శ్రావణమాసంలో సోమవారం, గురువారం వచ్చాయంటే మన జిల్లా నుంచే కాదు, కర్ణాటక నుంచీ జనం కదులుతారు. పిల్లలు పుట్టాలని, పుట్టిన పిల్లలు నిలవాలని అక్కడ మొక్కుకుని పెట్టుకున్న పేర్లు ఉరుకుందు, ఉరుకుందప్ప, ఉరుకుందమ్మ, ఈరన్న, వీరేష్. ఆ పేరు ఎక్కడ వినబడినా ఆ మనిషి ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల వాడని హైదరాబాద్‌లోనూ గుర్తుపడతారు. పాస్‌పోర్టు లేకుండా ఊరు చెప్పే పేరు అది.

మా హాజరు పట్టీ ఒకసారి తిరగేయండి. గాదిలింగప్ప ఉంటాడు, గూళ్యం గాదిలింగేశ్వరుడి పేరు. రాఘవేంద్ర ఉంటాడు, మంత్రాలయం పేరు. మంచాలమ్మ ఉంటుంది. మంత్రాలయం పాత పేరు మంచాల, ఆ ఊరి దేవత మంచాలమ్మ. రాఘవేంద్ర స్వామిని చూడబోయేవాళ్ళు ముందు ఆమెను దర్శించుకోవడం ఆచారం. ఊరి పేరు మారినా ఊరి పాత పేరు మన ఆడపిల్లల పేర్లలో బతుకుతోంది. ఇక హుసేనప్ప, ఫకీరప్ప లాంటి పేర్లున్నాయి. 'హుసేన్' అరబ్బీ, 'అప్ప' కన్నడం, రాసేది తెలుగు అక్షరాల్లో, పెట్టింది పీర్ల పండుగకు గుండం దగ్గర మొక్కుకున్న హిందూ కుటుంబం. ఒక్క పేరులో ఇన్ని సంగతులున్న పిల్లవాడికి మేము ఇంగ్లీష్ టెక్స్ట్‌బుక్‌లోని టామ్ గురించి పది ప్రశ్నలు వేస్తాం, వాడి పేరు గురించి ఒక్కటీ అడగం.

మా పిన్ని కూతురు ఆక్లాండ్‌లో ఉంటుంది. వాళ్ళ పాపను బడిలో వేసిన మొదటి రోజు టీచర్ 'కియా ఓరా' అని పలకరించి, పాప పేరు ఎలా పలకాలో మూడుసార్లు అడిగి, తన నోట్‌బుక్‌లో రాసుకుందట. మావోరి పేర్లను ఇష్టమొచ్చినట్టు తుంచేసిన రోజులు ఆ దేశంలోనూ ఉండేవి. తర్వాత నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ లాభం మన తెలుగు పాపకూ అందింది. నేను మాత్రం మన ఊళ్ళో, మన పిల్లవాడి పేరును రెండు ఇంగ్లీష్ అక్షరాలు చేసి కూర్చున్నాను.

ఊళ్ళ పేర్లకూ ఇదే కథ. ఆదోనిని పాతవాళ్ళు ఆదవాని అనేవారు, కన్నడం మాట్లాడే పెద్దలు ఇప్పటికీ అంటారు. 1688లో ఔరంగజేబు సైన్యం కోట పట్టుకున్నాక దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరు పుస్తకాల్లో మిగిలింది, జనం నోట ఆదోనే మిగిలింది. న్యూజిలాండ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండకు తెల్లవాళ్ళు మౌంట్ కుక్ అని పేరు పెట్టారు. మావోరీలు మాత్రం ఆవొరాకి అనడం మానలేదు. 1998 నుంచి అధికారికంగా రెండు పేర్లూ కలిపి, ఆవొరాకి ముందు వచ్చేలా రాస్తున్నారు.

ఇప్పుడు కష్టమైన భాగం. మావోరి భాష ఎలా పోయే స్థితికి వచ్చింది?

యుద్ధంతో పోలేదు. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ వాళ్ళకూ మావోరి పెద్దలకూ వైతాంగిలో ఒప్పందం జరిగింది. (మన పత్రిక రెండు భాషల్లో వస్తుంది కాబట్టి ఒక మాట. ఆ ఒప్పందమూ రెండు భాషల్లో రాశారు. ఇంగ్లీష్ ప్రతిలో సార్వభౌమాధికారం ఇచ్చేశారని ఉంది. మావోరి ప్రతిలో పరిపాలన మాత్రమే ఇచ్చినట్టు ఉంది. చాలామంది సంతకం చేసింది మావోరి ప్రతి మీద. ఆ తేడా మీద తగాదా ఈనాటికీ నడుస్తోంది. పార్లమెంటులో చించిన బిల్లు దాని గురించే.) 1867లో వచ్చిన చట్టం ప్రకారం మావోరి పిల్లల బడుల్లో ఇంగ్లీషే బోధనా భాష అయింది. తర్వాత కాలంలో బడి ఆవరణలో మావోరి మాట్లాడినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారు. అయితే దెబ్బలు ఒక్కటే కారణం కాదు. చాలామంది మావోరి పెద్దలే బడిలో ఇంగ్లీష్ కావాలని కోరుకున్నారు. వాళ్ళ లెక్క తప్పేమీ కాదు. బడిలో ఇంగ్లీష్ వస్తుంది, ఇంట్లో మావోరి ఎలాగూ ఉంటుంది, పిల్లలకు రెండూ దక్కుతాయి అనుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పల్లెల నుంచి పట్నాలకు ఉద్యోగాల కోసం కదిలారు. చుట్టూ ఇంగ్లీషే. దెబ్బలు తిన్న ఆ పిల్లలే పెరిగి తల్లిదండ్రులయ్యారు. మా పిల్లలకు ఆ బాధ వద్దు అని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడారు. ప్రేమతోనే. తాతకు భాష నోటి నిండా ఉంది. కొడుక్కు అర్థమవుతుంది, నోరు తిరగదు. మనవడికి అర్థమే కాదు. 1970ల నాటికి మావోరి ధారాళంగా మాట్లాడే చిన్నపిల్లలు చాలా కొద్దిమంది మిగిలారు.

ఇది చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ రోజంతా కన్నడం మాట్లాడేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది. జిల్లా గీత మారింది కానీ ఇళ్ళల్లో మాట మారలేదు. నేను చదివిన స్కూల్లో ఇంగ్లీష్ కాకుండా వేరే భాష మాట్లాడితే రూపాయి ఫైన్. ఒకసారి స్నేహితురాళ్ళు ఇంటికొస్తే అవ్వ వాళ్ళతో ఏదో అంది. ఏమంటోంది అని అడిగారు. "అదేం భాష కాదులే, అవ్వ ఏదో గొణుగుతుంటుంది" అన్నాను. అవ్వ విన్నది. ఆమెకు తెలుగు బాగా వచ్చు.

అవ్వ ఇప్పుడు లేదు. కన్నడం నాకు అర్థమవుతుంది. నోరు తెరిస్తే మాత్రం "ఊట ఆయ్తా?" దగ్గర ఆగిపోతాను. వెనక బెంచీ అమ్మాయి "అది భాష కాదు మిస్" అన్నప్పుడు ఎందుకు గుచ్చుకుందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఇంకొక తప్పు కూడా ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం వెనకబడిన పిల్లల డైరీల్లో "ఇంట్లో ఇంగ్లీష్‌లోనే మాట్లాడండి" అని రాసేదాన్ని. బీఈడీలో ఇంటి భాష విలువ గురించి చదివి, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నదాన్నే. మూడు నెలల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి చెప్పింది. "మాకు ఇంగ్లీష్ రాదు కదా మేడమ్. మీరు రాసినారని వానితో మాట్లాడేదే తగ్గిచ్చినాము."

బిడ్డతో మాట్లాడటం తగ్గించారు. నేను రాసిన ఒక్క వాక్యం వల్ల.

ఆ వాక్యం మళ్ళీ ఎవరి డైరీలోనూ రాయలేదు. నాలుగేళ్ళుగా గమనిస్తున్నాను. ఇంట్లో ఏ భాషలోనైనా సరే కథలు విని, తిరిగి చెప్పే పిల్లలకు ఇంగ్లీష్ కాంపోజిషన్‌లో రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంట్లో మాటలు కరువైన పిల్లలు గ్రామర్ తప్పు లేకుండా మూడు వాక్యాలు రాసి ఆగిపోతారు. ఇంగ్లీష్ నేర్పడం మా పని, మేము నేర్పుతాం. దానికి ఫీజు కడుతున్నారు కూడా. ఇంటి మాట మాత్రం మేము ఎంత ఫీజు తీసుకున్నా ఇవ్వలేం.

మావోరీలు తిరిగి ఎలా లేచారో చెబితే క్లాసులో ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. 1972 సెప్టెంబరు 14న, బడుల్లో మావోరి నేర్పాలని కోరుతూ 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ ఇచ్చారు. ముందుండి నడిపింది ఎక్కువగా యువతీయువకులు, వాళ్ళలో చాలామందికి భాష సరిగ్గా రాదు. రాని భాష కోసం పోరాడారు. 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయిఒమాటాలో మొదటి 'కోహాంగా రేయో' తెరిచారు. ఆ మాటకు భాషా గూడు అని అర్థం, పక్షి గూడు లాంటిది. అందులో టీచర్లు ఎవరంటే అవ్వలు, తాతలు. వాళ్ళ చేతికి పసిపిల్లలను ఇచ్చి, వాళ్ళతో మావోరిలో మాత్రమే మాట్లాడండి అన్నారు. మధ్య తరం దగ్గర తెగిన దారాన్ని పాత తరం నుంచి నేరుగా కొత్త తరానికి ముడివేశారు. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలూ దొరకబుచ్చుకుని అతికినట్టు. కొన్నేళ్ళలోనే అలాంటి గూళ్ళు వందలయ్యాయి.

1984లో నైడా గ్లావిష్ అనే టెలిఫోన్ ఆపరేటర్ ఫోన్ ఎత్తగానే 'కియా ఓరా' అంటోందని పై అధికారి వద్దన్నాడు. ఆమె వినలేదు. దేశమంతా గొడవైంది. చివరకు ఆ పలకరింపే గెలిచింది. 1987లో మావోరి అధికార భాష అయింది. 2017లో 'మోఆనా' సినిమా మావోరిలో కూడా వచ్చింది. మన పిల్లలు ఇంగ్లీష్‌లో చూసిన సినిమాయే. 2022 నుంచి మావోరి కొత్త సంవత్సరం 'మతారికి'కి దేశమంతా సెలవు. మతారికి అంటే ఆకాశంలో ఒక నక్షత్రాల గుంపు. అవి ఏవో తెలుసా? మన కృత్తికలే. ఆ చుక్కలు తెల్లవారుజామున తిరిగి కనబడగానే అక్కడ ఏడాది మొదలవుతుంది. కృత్తిక కార్తె లెక్క వేసే మన రైతు తాతకు ఈ విషయం చెప్పి చూడండి.

అంతా బాగైపోయిందని చెప్పను. గూళ్ళ సంఖ్య తర్వాత తగ్గింది. దేశ జనాభాలో మావోరి మాట్లాడగలిగేవాళ్ళు ఇప్పటికీ నూటికి నలుగురు, అంతే. ఒక్క తరంలో పోయినదాన్ని మూడు తరాలుగా తెచ్చుకుంటున్నారు.

తెలుగు పరిస్థితి ఇదే అంటే అబద్ధం అవుతుంది. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లకు పైనే. కానీ మన తరగతి గదిలో తెలుగు ఒక్కటే లేదు. సరిహద్దు ఊళ్ళ కన్నడం ఉంది. ఆదోని పేటల దక్కనీ ఉర్దూ ఉంది. ఎరుకల ఇళ్ళల్లో వాళ్ళ సొంత మాట ఉంది. తండాల నుంచి వచ్చే సుగాలి పిల్లల గోర్ బోలీ ఉంది. దేశంలో 32 లక్షలకు పైగా జనం మాట్లాడే ఆ లంబాడీ భాషను జనగణనలో హిందీ కింద కలిపేసి లెక్కిస్తారు. దానికి బడి లేదు, సొంత లిపి లేదు. ఉన్నదల్లా ఇల్లే. ఇంట్లో ఆగితే ఇక ఎక్కడా ఉండదు. మా రెండో తరగతిలో ఒక సుగాలి పాప అమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా మాట్లాడుతుంది. ఆ పాపకు ఏడేళ్ళు. సిగ్గుపడాలని అంత చిన్న వయసులో ఎవరు నేర్పారు?

ఈ నెల 29న తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడారని పిల్లలు ప్రతి ఏటా ఉపన్యాసం చెబుతారు. సగం కథే చెబుతారు. పర్లాకిమిడిలో టీచర్‌గా ఉన్న ఆయన, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పేందుకు బడులు పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చయింది. పిల్లలు మాస్టారి భాష నేర్చుకోవడం అందరం చూశాం. మాస్టారు పిల్లల భాష నేర్చుకోవడం ఆయన చేసి చూపించారు. నేను ఈ ఏడాది గోర్ బోలీలో పలకరింపు, అంకెలు నేర్చుకుంటున్నాను. నాకు నేర్పే టీచర్ రెండో తరగతి చదువుతోంది. ఈ మధ్య చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది, నా ఉచ్చారణ విని నవ్వడానికి రెండు చేతులూ కావాలి కదా.

సరే, 29న ఏం చేయబోతున్నామో చెబుతాను. ఉపన్యాసాల పోటీ ఈసారి లేదు. ప్రతి పిల్లా, పిల్లవాడూ నాలుగైదు వాక్యాల్లో తమ పరిచయం చెప్పాలి. మా కొండ, మా ఏరు లేదా చెరువు, మా ఊరు, మా ఇంటి పని, నా పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు. పేరు చివర. ముందు ఇంటి భాషలో, తర్వాత ఇంగ్లీష్‌లో. మావోరి మాటలు వాడం. పెపెహా వాళ్ళ పూర్వికులకు సంబంధించినది, మనం వేషం వేసి చెప్పడం బాగుండదు. వాళ్ళ దగ్గర అడిగే వరుస ఒక్కటే అరువు తెచ్చుకున్నాం. హాకా కూడా ఉండదు. ఏడో తరగతి మగపిల్లలు ఇప్పటికే నా మీద అలిగారు.

ఇందులో మీ పని ఉంది. పేరు వెనక కథ పిల్లలకు తెలియదు, మీరే చెప్పాలి. మీకూ తెలియకపోతే అవ్వనో తాతనో అడగాలి. ఫోన్‌లో అయినా సరే. కథను మేము రాసివ్వం, నెట్‌లో వెతకొద్దు. తుడిచి రాసినా, అక్షరం తప్పులున్నా ఏం కాదు. కన్నడంలో, ఉర్దూలో రాసి పంపినా తీసుకుంటాం. చదివి చెప్పేవాళ్ళు స్టాఫ్‌లో ఉన్నారు. ఇంకొక చిన్న కాగితం డైరీలో అంటించి పంపుతున్నాం. మీ బిడ్డ పూర్తి పేరు ఎలా పలకాలి, ఇంట్లో ఏమని పిలుస్తారు, స్కూల్లో ఏమని పిలిస్తే ఇష్టం అని మూడు గీతలుంటాయి. పిల్లలను అడిగి నింపండి.

ఉరుకుందు వాళ్ళ నాన్న మళ్ళీ వచ్చారు. పేరు మార్పు కాగితాలు సంచీలోనే ఉన్నాయి. నేను వద్దనలేదు. పేరు వాళ్ళది, నిర్ణయమూ వాళ్ళదే. 'యూకే' అని మొదలుపెట్టింది నేనేనని మాత్రం ఆయనకూ, క్లాసు ముందు పిల్లవాడికీ చెప్పి క్షమాపణ అడిగాను. వాడు ఏమీ అనలేదు. మరుసటి రోజు ప్రాక్టీసులో వాడి వంతు వచ్చినప్పుడు లేచి, మా కొండ రణమండల కొండ అన్నాడు, మా ఏరు తుంగభద్ర అన్నాడు. పేరు దగ్గరికి వచ్చి ఆగి, "మిగతాది మా అవ్వను అడిగి 29న చెప్తా మిస్" అని కూర్చున్నాడు.

అవ్వలకూ తాతలకూ ముందు వరుసలో కుర్చీలు వేయిస్తున్నాం. ఉదయం పది గంటలకు మొదలు. మెట్లు ఎక్కలేనివాళ్ళు ఉంటే ముందు రోజు క్లాస్ టీచర్‌కు చెప్పండి, కార్యక్రమం కింది హాల్లోనే పెడతాం.